దయచేసి మీ పేరు తీసేయండి

మా పిన్ని వాళ్ళది రేపల్లె. ఆవిడ కూతురు బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఒక వేసవి సెలవుల్లో పక్కింటి పిల్లలకి చూపిద్దామని, బొమ్మలు గీసుకునే ఒక ఉచిత ప్రోగ్రాంని తెలుగులో తెరిచింది. మెనూలో రెండు చోట్ల "దాచు" అని ఉంది. ఒక దాచు గీసిన బొమ్మని భద్రం చేస్తుంది. ఇంకో దాచు రంగుల పెట్టెని తెర మీద నుంచి మాయం చేస్తుంది. పిల్లాడు ఏనుగుని గీసి, దాచుకుందామని నొక్కాడు. రంగుల పెట్టె పోయింది. వాడు ఏడుపు.

మన భాషలో డబ్బులు దాచినా దాచడమే, దొంగని దాచినా దాచడమే. అది తెలుగు చేసినాయన తప్పు కూడా కాదు. అనువాదకుడి ముందుకి మాటలు ఒక వరసలో వస్తాయి, ఏ మాట ఏ బొత్తాం మీద కూర్చుంటుందో చాలాసార్లు కనపడదు. వాడి చూసినవాళ్ళకే తెలుస్తుంది. మా చెల్లెలు వాడి చూసింది. ఆ ఒక్కటీ దిద్ది ఊరుకోకుండా మొత్తం 43 మాటలు దిద్దింది. ఇప్పుడు వాటిని ఎవరికి పంపాలి?

ఆ సంగతి ఫైలు పైనే రాసి ఉంటుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ అనువాదాల ఫైలు తెరిస్తే చాలాసార్లు మొదటి పది పదిహేను వరసలు ఒక చిన్న పట్టిక: చివరిసారి ఎప్పుడు మార్చారు, చివరి అనువాదకుడెవరు, ఆ భాష జట్టు చిరునామా ఏమిటి. అందులో ఒక పెద్దమనిషి పేరు, ఈమెయిల్ ఉన్నాయి. మా చెల్లెలు రాసింది. నెల చూసింది. మళ్ళీ రాసింది. జట్టు చిరునామాకి రాస్తే అది తిరిగొచ్చింది. సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు అడిగింది.

"అన్నయ్యా, ఈయన అసలు ఉన్నాడంటావా?"

"ఉండే ఉంటాడ్లేవే. ఎక్కడో అమెరికాలో బిజీగా..."

"ఉంటే, నాకు టైం లేదమ్మా అని ఒక్క ముక్క రాయొచ్చుగా. నేనేదో తప్పు రాశాననుకుని రెండుసార్లు దిద్దుకున్నాను."

నాకు కోపం వచ్చింది. ఈ వ్యాసం అప్పుడే మొదలుపెట్టాను. మొదటి పేరాలో ఆ పెద్దమనిషిని ఉతికేశాను కూడా. రెండో పేరా రాయబోతూ, ఉదాహరణ కోసం, కాలేజీ రోజుల్లో నేను తెలుగు చేసిన ఒక చిన్న ప్రోగ్రాం ఫైలు తెరిచాను. పైన పట్టికలో చివరి అనువాదకుడు అని నా పేరే ఉంది. పక్కన నా మొదటి ఉద్యోగం నాటి ఈమెయిల్. ఆ ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఆ చిరునామాకి ఎంతమంది రాశారో, ఎంతమంది తమదే తప్పనుకుని దిద్దుకున్నారో నాకు ఎప్పటికీ తెలీదు.

అందుకని మొదటి పేరా కొట్టేశాను. ఇది ఎవరో ఒకాయన మీద ఫిర్యాదు కాదు. నాలాంటి వాళ్ళందరి మీదా, నాతో సహా.

*

నేను చెప్పేది ఒక్కటే. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మెయింటెయినర్ దగ్గర ఉన్న పేరు ఒక మాట ఇవ్వడం. "మీరు రాస్తే నేను చదువుతాను" అని. ఆ మాట నిలబెట్టుకోలేని రోజున పేరు తీసేయాలి. తీసేయకుండా ఉంచుకుంటే అది అబద్ధం. చిన్న అబద్ధమే, చెడ్డ ఉద్దేశం లేని అబద్ధమే. కానీ దాన్ని నమ్మి రోజులు పోగొట్టుకునేవాళ్ళు మాత్రం ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్ళే. ఆ పేరు ఉత్తిదని పాతవాళ్ళకి ముందే తెలుసు.

మనకి ఇది ఎందుకు పట్టదంటే, పేరు అనగానే మనకి శిలాఫలకం గుర్తొస్తుంది.

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు ధాతువుల పేటికలు దొరికాయి. వాటి మీద రాతలున్నాయి. మన లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళు ఎవరైనా అక్కడ ఆగాల్సిందే. ఆ రాతల్లో ఏముందంటే, ఎక్కువ భాగం పేర్లు. కుబిరకుడనే రాజు పేరు, పేటికలు ఇచ్చినవాళ్ళ పేర్లు, గోష్ఠి సభ్యుల పేర్లు. ఒక కమిటీ సభ్యుల జాబితా అనుకోండి. రెండువేల ఏళ్ళు దాటింది, ఒక్క పేరు కూడా మార్చక్కర్లేదు. వాళ్ళు ఇచ్చారు, అది అయిపోయింది, ఎప్పటికీ నిజం.

అదే రైల్లో కిటికీ లోంచి చూస్తే కాలవ కనపడుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టా నీళ్ళు. తెనాలి ఊళ్ళోంచి కాలవలు పోతాయి, రేపల్లె వైపుకి వచ్చేసరికి అది చివరి ఆయకట్టు. నాట్ల టైంకి నీళ్ళు రాకపోతే రైతు ఎవరి దగ్గరికి పోవాలి? లస్కరు దగ్గరికి. ఆ తలుపు ఎత్తేదీ దించేదీ లస్కరు. ఊళ్ళో లస్కరు ఎవరో తెలియడం నీళ్ళు ఉన్నంత ముఖ్యం. కాలవ తవ్వించినవాడి పేరు రాతి మీద ఉండొచ్చు, ఉండాలి. కానీ రిటైరైపోయిన లస్కరు పేరు ఇంకా జాబితాలో ఉంటే రైతు తలుపు కొడుతూనే ఉంటాడు, అవతల నారు ముదిరిపోతుంది.

మెయింటెయినర్ అంటే లస్కరు. మనం దాన్ని భట్టిప్రోలు పేటిక అనుకుంటున్నాం.

ఈ తేడా తెలిసినవాళ్ళు ఎప్పుడో రెండు చోట్ల రెండు జాబితాలు పెట్టుకున్నారు. లినక్స్ కెర్నల్‌లో క్రెడిట్స్ అని ఒక ఫైలు ఉంది, మెయింటెయినర్స్ అని ఇంకో ఫైలు ఉంది. క్రెడిట్స్ శిలాఫలకం. పని చేసి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు అక్కడ ఉంటాయి. మెయింటెయినర్స్ లస్కర్ల జాబితా. అందులో ఒక్కో భాగానికి పేరుతోపాటు స్థితి కూడా రాస్తారు. జీతం తీసుకుని చూసేవాళ్ళుంటే 'సపోర్టెడ్'. జీతం మాట ఎట్లా ఉన్నా ఎవరో ఒకరు నిజంగా చూస్తుంటే 'మెయింటెయిన్డ్'. మనిషి ఉన్నాడు గానీ తీరిక లేదు, ఎప్పుడన్నా ఒక అతుకు వేస్తాడు అంటే 'ఆడ్ ఫిక్సెస్'. ఎవరూ లేకపోతే 'ఆర్ఫన్', అనాథ. ఆ అనాథ అన్న మాట పక్కనే, కొత్త కోడ్ రాసే నువ్వే దీన్ని తీసుకోవచ్చేమో అన్న సూచన కూడా ఉంటుంది. ప్యాచ్ రాసినవాడు ఒక చిన్న స్క్రిప్టు నడిపితే ఎవరికి పంపాలో ఈ ఫైలు చూసి అదే చెప్తుంది. అంటే అక్కడ తప్పు పేరు ఉంటే యంత్రం కూడా తప్పు దారి చూపిస్తుంది.

డెబియన్‌లో అయితే ప్యాకేజీని వదిలేస్తున్నానని చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. సాయం కావాలంటే ఒక మాట, వేరేవాళ్ళు తీసుకుంటే బాగుండు అంటే ఇంకో మాట, పూర్తిగా వదిలేశానంటే మరో మాట. చెప్పకుండా మాయమైనవాళ్ళని వెతికి కనుక్కోడానికి ఒక జట్టే ఉంది. వెతుకుతారు, రాస్తారు, ఆగుతారు, అప్పటికీ జవాబు లేకపోతే ప్యాకేజీని అనాథగా ప్రకటిస్తారు. దాన్ని వాళ్ళు అవమానం అనుకోరు. ఇల్లు ఖాళీగా ఉందని బోర్డు పెట్టడం, అంతే.

గ్నోమ్‌లో ఒక్కో ప్రాజెక్టులో మెయింటెయినర్ ఎవరో చెప్పే ఫైలు ఒకటి ఉండాలి. ఒక్కో భాషకి ఒక జట్టు, జట్టుకి ఒక సమన్వయకర్త. తెలుగుకీ అంతే. అక్కడ పేరు ఉన్న మనిషి కదలకపోతే భాష మొత్తం కదలదు. ఇంగ్లీషులో ఒక ప్రాజెక్టు ఆగిపోతే పదిమంది ఎగబడతారు. తెలుగులో ఒక్కరొస్తారు. ఆ ఒక్కరికీ జవాబు రాకపోతే రెండోవాళ్ళు రారు. సాఫ్ట్‌వేర్ కాలవలో మనది చివరి ఊరు. చివరి ఊళ్ళోనే కదా లస్కరు ఎవరో కచ్చితంగా తెలియాల్సింది.

*

"ఇదంతా టెక్నికల్ గొడవ, సాహిత్య పత్రికలో ఎందుకు?" అంటారేమో. ఈ వ్యాసాన్ని మీరు చదువుతున్నది ఒక ఫాంటులో. ఆ ఫాంటు ఎవరో చేశారు. దేశికాచార్యులు గారు చేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఇప్పటికీ డెబియన్‌లో దొరుకుతాయి. తెనాలి రామకృష్ణుడి పేరుతోనే ఒక ఫాంటు ఉంది, గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ఫాంటు ఫైలు లోపల ఒక పేర్ల పట్టిక ఉంటుంది. హక్కులు ఎవరివి, రూపకర్త ఎవరు, తయారీదారు ఎవరు, లైసెన్సు ఏమిటి, అన్నిటికీ గళ్ళున్నాయి. ఇవాళ దీన్ని ఎవరు చూసుకుంటున్నారు అన్నదానికి గడి లేదు. శిలాఫలకానికి చోటుంది, లస్కరుకి లేదు. ఒత్తు ఎక్కడో గుణింతం మీదకి ఎక్కి కూర్చుంటే, ఎవరికి చెప్పాలో ఫాంటు మీకు చెప్పదు.

ఒత్తులదేముంది అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్లలో మెసేజీల ఆప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా ఆ రోజు తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. కొద్దిరోజుల్లోనే ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అక్కడ జీతం తీసుకుని చూసుకునేవాళ్ళున్నారు, వాళ్ళ తలుపు ఎక్కడుందో అందరికీ తెలుసు. మన ఉచిత ఫాంట్లు, మన స్పెల్ చెకర్లు, మన అనువాదాలు, వీటికి ఆ తలుపు ఒక్కటే: పైన రాసిన పేరు.

అదీగాక, పేరు అచ్చేయడం అనే విషయంలో పత్రికలవాళ్ళకి ఉన్న అనుభవం ఇంజనీర్లకి లేదు. ముఖ్యంగా తెనాలికి. చక్రపాణి ఊరు, కుటుంబరావు ఊరు అది.

1867 నాటి ప్రెస్ చట్టం ఉండేది. ముద్రాపకుడూ ప్రచురణకర్తా మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాలి. ఎవరైనా తప్పుకుంటే, నేనిక ఈ పత్రిక ముద్రాపకుణ్ణి కాను, ప్రచురణకర్తని కాను అని వెళ్ళి మళ్ళీ డిక్లరేషన్ ఇవ్వాలి. చేరినప్పుడు చెప్పడమే కాదు, మానేసినప్పుడూ చెప్పాలి. దొరలు మన మీద ప్రేమతో పెట్టిన నియమం కాదిది, రేపు కేసు పెట్టాలంటే ఎవరి మీద పెట్టాలో తెలియాలిగా. అయినా అందులో ఒక న్యాయం ఉంది. అచ్చులో ఉన్న పేరు నిజంగా ఉన్న మనిషిదై ఉండాలి.

1956 నాటి నియమాలతో ఫారం 4 వచ్చింది. పాత పత్రికలు తిరగేసినవాళ్ళు చూసే ఉంటారు, ఫిబ్రవరి వెళ్ళాక వచ్చే మొదటి సంచికలో ఒక మూల చిన్న అక్షరాల పెట్టె. ప్రచురణ స్థలం, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమానులు, చివర "పై వివరాలు నాకు తెలిసినంతవరకు నిజం" అని సంతకం. ఏమీ మారకపోయినా ఏటా వెయ్యాల్సి ఉండేది. నూలుపోగు లాంటి ఆదాయంతో నడిచే చిన్న పత్రికలు కూడా వేసేవి. ఏడాదికి ఒకసారి "నేను ఇంకా ఉన్నాను" అని చెప్పడం. మనం కంప్యూటర్ల ముందు కూర్చుని, ఒక్క వరస మార్చడానికి అర నిమిషం పట్టని చోట, పదేళ్ళకి ఒకసారి కూడా ఆ మాట చెప్పట్లేదు.

ఇక్కడ చందమామ గురించి అడుగుతారు, నాకు తెలుసు. కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామని నడిపాడు. సంపాదకుడిగా ఆయన పేరు మాత్రం పత్రికలో కనపడేది కాదు. అయినా పత్రిక ఆగిందా? ఆగలేదు. అలాంటప్పుడు పేరు ఎవరిదైతే ఏం?

ఆగకపోవడానికి కారణం ఉంది. చందమామకి ఒక ఆఫీసు ఉంది. పాఠకుడు ఎవరి పేర ఉత్తరం రాసినా అది మద్రాసులో ఆ భవనానికి చేరేది, విప్పి చూసే మనిషి ఒకరు ఉండేవారు. అట్లాగే 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. రేపల్లె గుంటూరు జిల్లాలోంచి బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. పాత అలవాటు కొద్దీ రేపల్లె, గుంటూరు జిల్లా అని రాసినా ఉత్తరం చేరుతుంది. పిన్‌కోడ్ ఉంది, పోస్ట్‌మన్ ఉన్నాడు. పాఠకుడు చేసిన తప్పుని వ్యవస్థ దిద్దుకుంటుంది. ఓపెన్ సోర్స్‌లో మనకి భవనం లేదు, పోస్ట్‌మన్ లేడు. ఆ పేరే భవనం, ఆ పేరే పోస్ట్‌మన్. అది తప్పైతే దిద్దే దిక్కు లేదు.

చందమామ ఉదాహరణలో ఇంకో సంగతి కూడా ఉంది, అది నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. పని చేసినవాడి పేరు కనపడకపోవడం. మన తెలుగు ప్రాజెక్టుల్లో ఇవాళ నిజంగా మాటలు దిద్దేది ఎవరు? చాలాసార్లు చిన్న ఊళ్ళ కాలేజీ పిల్లలు. ఒక వర్క్‌షాపుకి వస్తారు, వంద మాటలు తెలుగు చేస్తారు. పైన పేరు మాత్రం పదిహేనేళ్ళ కిందటిదే. లేని మనిషి పేరు ఉంచడం, ఉన్న మనిషి పేరు లేకపోవడం, ఈ రెండూ ఒకే తప్పు. ఒక కుర్చీలో తువ్వాలు వేసి వెళ్ళిపోయినట్టు. బస్సులో తువ్వాలు వేసినవాడు ఎక్కకపోయినా పక్కన నిలబడినవాళ్ళు కూర్చోరు, మర్యాద.

*

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు నాకు నేను చెప్పుకున్నవే.

"ఉచితంగా చేశాం, ఇంకా మామీద అధికారం ఏమిటి?" నిజం. ఎవరూ మిమ్మల్ని పని చెయ్యమనట్లేదు. ఉచితంగా చేసినవాళ్ళకి మానేసే హక్కు కచ్చితంగా ఉంది, అలసిపోయే హక్కు ఉంది, పిల్లల్ని పెంచుకునే హక్కు ఉంది. నేను అడిగేది పని చెయ్యమని కాదు. మానేశానని చెప్పమని. చలివేంద్రం పెట్టినవాడు వేసవంతా నీళ్ళు పొయ్యాలని లేదు. కుండ ఖాళీ అయితే బోర్లించి పోతే చాలు. మూత పెట్టి పోతే, వచ్చినవాడు మూత తీసి చూసి, గ్లాసు పట్టుకుని నిలబడతాడు.

"పెద్దల పేరు తీసేయమంటారా? ఆయన లేకపోతే తెలుగులో ఇది లేదు." ఈ జవాబు దగ్గర మనవాళ్ళు అందరూ మెత్తబడతారు. నేనూ మెత్తబడ్డాను. ఆయనకి ఎట్లా చెప్తాం, బాధపడతాడు కదా. కానీ ఆలోచించండి. యూనికోడ్ అంటే ఎవరికీ తెలియని రోజుల్లో తెలుగుని కంప్యూటర్‌లోకి తెచ్చిన మనిషి ఇవాళ ఒక కొత్త పిల్ల దృష్టిలో ఎవరు? ఉత్తరానికి జవాబివ్వనివాడు. అంతే. ఆయన చేసింది ఆ అమ్మాయికి తెలీదు, ఆయన చెయ్యనిది మాత్రమే తెలుసు. పేరుని తప్పు చోట ఉంచి మనం ఆయనకి చేస్తున్న గౌరవం ఇది. ఆ పేరుని క్రెడిట్స్‌లోకి మార్చండి, ఆయన ఏ ఏళ్ళలో ఏం చేశాడో రెండు వాక్యాలు రాయండి. అప్పుడు ఆ అమ్మాయికి ఆయన ఎవరో తెలుస్తుంది.

మూడో జవాబు కొంచెం గట్టిది. "ఎవరూ లేరని బోర్డు పెడితే దొంగలు రారా?" వస్తారు. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే చిన్న జావాస్క్రిప్ట్ ప్యాకేజీని, ఇక తనకి అక్కర్లేని దాన్ని, అడిగిన ఒక అపరిచితుడికి ఇచ్చేశాడు దాని రచయిత. అతను అందులోకి బిట్‌కాయిన్ వాలెట్లు దోచే కోడ్ ఎక్కించాడు. ఇంకా పెద్దది ఎక్స్‌జెడ్ సంగతి. ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలో ఉండే ఫైళ్ళు కుదించే పనిముట్టు అది. దాన్ని ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా చూసుకున్నది లాసె కాలిన్ అనే ఫిన్లాండ్ మనిషి. జియా టాన్ అన్న పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్ళకి పైగా ఓపిగ్గా పని చేసి, నమ్మకం సంపాదించి, మెయింటెయినర్ అయ్యారు. 2024లో దొంగదారి తెరిచారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకి లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటి అని అనుమానం వచ్చి తవ్వి, మార్చి 29న బయటపెట్టాడు కాబట్టి బతికిపోయాం.

ఈ కథని పేరు మార్చకపోవడానికి సాకుగా చెప్పడం నేను విన్నాను. నాకు కనపడేది వేరు. ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో చూడండి. గుర్తు తెలియని పేర్లతో కొందరు వచ్చి, పని సాగట్లేదు, వేరేవాళ్ళకి ఇవ్వు అని ఆయన మీద ఒత్తిడి పెట్టారు. తన ఆరోగ్యం బాగోలేదని, ఇది ఉచితంగా చేసే పని అని ఆయన చెప్పాడు. చెప్పినా చుట్టూ ఉన్న పెద్ద కంపెనీలు ఎవరూ రాలేదు. వచ్చింది దొంగ ఒక్కడే. ఒక మనిషి అలసిపోయాడు అన్న సంగతి అందరికీ కనపడే చోట, అందరూ చూసే రూపంలో ఉండి ఉంటే మంచివాళ్ళు కూడా వచ్చేవారేమో. గ్యారంటీ ఇవ్వలేను. కానీ ఖాళీ ఇంటి సంగతి దాచిపెడితే దొంగకి తెలియకుండా ఉండదు, రెక్కీ చేసేవాడు వాడే కదా. తెలియనిది పక్కింటివాళ్ళకే.

కాబట్టి వివరాలు తాజాగా ఉంచడం అంటే ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాయడం మాత్రమే కాదు. ఎవరు, ఎంతవరకు, ఎప్పటినుంచి, ఆయన తర్వాత ఎవరు. కొత్తవాళ్ళకి తాళం చెవి ఇచ్చేముందు కొన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టుకోవడం. ఇదంతా ఉన్నప్పుడు చెయ్యాల్సిన పని. వెళ్ళిపోయాక చెయ్యడానికి ఎవరూ ఉండరు.

*

ఏం చెయ్యాలో రాయకుండా తిట్టి పోవడం నాకు ఇష్టం లేదు.

తెలుగు ప్రాజెక్టు దేంట్లోనైనా మీ పేరు ఉంటే ఈ వారం వెళ్ళి చూడండి. ఈమెయిల్ పనిచేస్తోందా? దానికి వచ్చిన ఉత్తరం పది రోజుల్లో చదువుతారా? లేదంటే తీసేయండి. ఏటా మార్చిలో ఒకసారి, మన పాత ఫారం 4 లాగే, "ఇంకా ఉన్నాను" అనో "ఇక లేను" అనో ఒక వరస మార్చండి. తారీకు వెయ్యండి, తారీకు లేని పేరు నమ్మదగింది కాదు. ఒంటరి పేరు పెట్టకండి, రెండో పేరు ఉండాలి, అది కుర్రవాళ్ళదైతే మరీ మంచిది. వెళ్ళినవాళ్ళకి వేరే చోటు పెట్టండి, అక్కడ వాళ్ళ పనిని ధారాళంగా మెచ్చుకోండి. ఎవరూ దొరక్కపోతే, "దీన్ని చూసుకునేవాళ్ళు లేరు, మీరు తీసుకుంటారా?" అని తెలుగులో రాసి పెట్టండి. ఖాళీ గడి సిగ్గుపడాల్సిన విషయం కాదు. నాకు తెలిసి తెలుగు సాఫ్ట్‌వేర్‌లో అంతకంటే మంచి పిలుపు లేదు.

నిర్వాహకుల మాట కూడా. జవాబివ్వని పేరుని మీరు ఓపిగ్గా అడగండి, రెండుసార్లు, మూడుసార్లు. ఒక గడువు చెప్పండి. గడువు దాటితే మార్చండి. మొహమాటం ఖర్చు మీ జేబులోంచి పోదు, కొత్తగా వచ్చినవాళ్ళ జేబులోంచి పోతుంది.

నేను నా ఫైలు మార్చాను. ప్రాజెక్టు వాళ్ళకి రాస్తే రెండో రోజే జవాబు వచ్చింది, "చాలా కాలంగా తెలుగుకి ఎవరూ లేరనుకుంటున్నాం" అని. తొమ్మిదేళ్ళుగా నా పేరు అక్కడ ఉంది, వాళ్ళు ఎవరూ లేరనే అనుకుంటున్నారు. అందరికీ తెలిసిన అబద్ధం అది. తెలియనిది బయటినుంచి వచ్చినవాళ్ళకే.

నా పేరు కింద వరసలోకి, పాత అనువాదకుల్లోకి వెళ్ళింది. నిజం చెప్పాలంటే చిన్న బాధ వేసింది. ఆ ఫైల్లో తప్ప నేను అనువాదకుణ్ణి అని ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆ ఒక్క చోటు కోసమే తొమ్మిదేళ్ళు దాన్ని తెరవలేదేమో.

మా చెల్లెలికి ఫోన్ చేశాను. ఆ బొమ్మల ప్రోగ్రాం సంగతి ఇంకా తేలలేదు, నాదాన్ని తీసుకుంటావా అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"తీసుకుంటా గానీ అన్నయ్యా, ఒక్క ఏడాదికే అని పక్కన రాయి. మార్చిలో మళ్ళీ అడుగు. ఉంటే ఉంటానంటా, లేకపోతే తీసేద్దాం."